మామునూరు నుంచి షికాగో దాకా: ఆకాశ దూరం, ప్రయాణ కాలం లెక్కగట్టడం ఎలా?



మన వసతి గృహంలో రాత్రి స్టడీ అవర్ అయ్యాక తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. “హైదరాబాద్ నుంచి అమెరికా ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు?” ఒకరు పదమూడు వేల కిలోమీటర్లంటారు, ఇంకొకరు పదహారు వేలంటారు. ఒకరు పదహారు గంటలంటారు, మరొకరు రోజంతా పడుతుందంటారు. ఇంకొకరు టికెట్ చూసి, మధ్యాహ్నం బయలుదేరితే అదే రోజు సాయంత్రం దిగుతారని వాదిస్తారు. విచిత్రమేమిటంటే వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఎవరు దేన్ని కొలిచి చెబుతున్నారన్నదే తేడా.

ఈ వ్యాసంలో ఆ లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేసి చూపదలిచాము. పదో తరగతి త్రికోణమితి వస్తే చాలు, అంతా అర్థమవుతుంది. ఒక గ్లోబు, ఒక దారం, ఒక లాగరిథమ్ పట్టికల పుస్తకం లేదా మామూలు కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మనకెందుకు ఈ లెక్క?

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. మా బాపుకు దూరమంటే నడక లెక్క, బస్సు లెక్క. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రైలు ఎన్ని గంటలకు పోతుందో చెప్పగలడు గాని, విమాన టికెట్ ఎలా చదవాలో ఆయనకు చెప్పినవారు లేరు. చదువుకున్న ఇళ్లల్లో ఇలాంటి సంగతులు తండ్రి నుంచి కొడుక్కు, అన్న నుంచి తమ్ముడికి మాటల మధ్యలోనే అందుతాయి. మన ఇళ్లల్లో అలా అందవు. అందుకని మన హాస్టల్ పత్రిక ద్వారానైనా అందాలని మా ఆశ.

పైగా మన మిత్రుల్లో చాలామందికి అన్నో మేనమామో దుబాయ్‌లో, కువైట్‌లో, సౌదీలో పనిచేస్తున్నారు. కొందరు పూర్వ విద్యార్థులు ప్రభుత్వ సహాయంతో విదేశాల్లో పి.జి. చదివారు. రేపు మీలో ఎవరైనా వెళ్లవచ్చు. పోటీ పరీక్షల్లోనూ అక్షాంశాలు, రేఖాంశాలు, స్థానిక కాలం మీద ప్రశ్నలు తప్పక వస్తాయి.

మొదటి మెట్టు: మామునూరు నుంచి శంషాబాద్

పెద్ద దూరం కంటే ముందు మన ఊరి దూరంతో మొదలుపెడదాం. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది, 1930లో నిర్మించారు. కొన్ని దశాబ్దాలుగా అక్కడ ప్రయాణికుల విమానం దిగలేదు. మన జిల్లా వాళ్లు విమానం ఎక్కాలంటే శంషాబాద్ పోవలసిందే. ఆ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది.

ఈ రెండింటి స్థానాలు ఇవి:

మామునూరు: 17.91 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.60 డిగ్రీల తూర్పు రేఖాంశం.
శంషాబాద్: 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం.

భూమి చుట్టుకొలత సుమారు 40,030 కి.మీ. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111.2 కి.మీ. వస్తుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే సగం పాఠం వచ్చినట్టే.

ఉత్తర దక్షిణాల తేడా 0.67 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే సుమారు 74.5 కి.మీ.

తూర్పు పడమరల తేడా 1.17 డిగ్రీలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతూ చివరకు ఒకే బిందువులో కలుస్తాయి. కాబట్టి రేఖాంశపు డిగ్రీని అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. మన ప్రాంతంలో అక్షాంశం సుమారు 17.6 డిగ్రీలు. దాని కొసైన్ 0.953. అప్పుడు 1.17 × 111.2 × 0.953 = 124 కి.మీ.

ఇక పైథాగరస్ సిద్ధాంతం. 74.5 వర్గం, 124 వర్గం కూడితే సుమారు 20,926. దాని వర్గమూలం సుమారు 145. అంటే మామునూరు నుంచి శంషాబాద్‌కు గాలిలో దూరం 145 కి.మీ. రోడ్డు మీద ఇంతకన్నా ఎక్కువే అవుతుంది.

ఈ 145 అనే సంఖ్య ఉత్త లెక్క కాదు, మన జిల్లా భవిష్యత్తుకు సంబంధించినది. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు కుదిరిన ఒప్పందంలో, అది ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా గాలి దూరంలో 150 కి.మీ. లోపల మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్న షరతు ఉంది. మనం 145 దగ్గర ఉన్నాం. ఐదు కిలోమీటర్ల తేడాతో మామునూరు ఆ గీత లోపల పడింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పిన తర్వాతే, 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి అనుమతి ఇచ్చింది. ఒప్పంద పత్రంలో ‘రోడ్డు దూరం’ అని రాసి ఉంటే కథ వేరుగా ఉండేది. అందుకే మిత్రులారా, ఏ కాగితంలోనైనా దూరం అనే మాట కనబడితే అది ఏ దూరమో అడగాలి.

ఒక డిగ్రీని కొలిచిన నేల మనదే

డిగ్రీకి 111 కి.మీ. అనేది ఎవరో ఊహించి చెప్పింది కాదు. కొలిచి చెప్పింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖను కొలిచి, తర్వాత సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి త్రిభుజాలు అల్లుకుంటూ వచ్చాడు. ఆ రేఖ హైదరాబాద్‌కు పడమరగా, బీదర్ ప్రాంతం మీదుగా పోతుంది. ఆయన తర్వాత ఆ పని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్ ఉద్యోగంలో చేరిన కొత్తలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ తీవ్రమైన జ్వరం బారిన పడ్డాడు. కోలుకోవడానికి ఆఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు పోవలసివచ్చింది. హిమాలయాల్లో ఎత్తైన శిఖరానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

లాంబ్టన్ వాడిన కోణమాపక యంత్రం, థియోడలైట్, సుమారు అర టన్ను బరువు. దాన్ని కొండల మీదికి, గోపురాల మీదికి ఎక్కించినవాళ్లు, రాత్రుళ్లు దీపాలు పట్టుకుని గుట్టల మీద నిలబడినవాళ్లు మన దేశపు కూలీలు, ఖలాసీలు. శిఖరాలకు వాళ్ల పేర్లు లేవు. కాని ఆ కొలత వెనుక వాళ్ల భుజాలు ఉన్నాయన్నది చరిత్ర చదివేవాళ్లు మరవరాదు.

రెండో మెట్టు: హైదరాబాద్ నుంచి షికాగో

దూరం చిన్నదైతే భూమిని చదునుగా అనుకుని పైథాగరస్ వాడవచ్చు. దూరం పెరిగితే ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే భూమి గుండ్రం.

ఉదాహరణకు షికాగో తీసుకుందాం. కారణమేమంటే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా, మధ్యలో ఎక్కడా ఆగని విమానం ప్రారంభించింది. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఆగకుండా పోయిన మొదటి సర్వీసు అదే. దానికి బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానాన్ని, 238 సీట్లతో వాడారు. కొంత కాలానికి ఆ సర్వీసు ఆగిపోయింది గాని, మన లెక్కకు అది మంచి ఉదాహరణ.

షికాగో ఓహేర్ విమానాశ్రయం 41.98 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. హైదరాబాద్ తూర్పున, షికాగో పడమరన ఉన్నాయి కాబట్టి రేఖాంశాలను కూడాలి. 78.43 + 87.90 = 166.33 డిగ్రీలు. అంటే దాదాపు భూమికి అటు పక్క.

గోడ మీద అంటించిన ప్రపంచ పటాన్ని చూసి ఎవరైనా ఇలా అనుకుంటారు: ముందు కొంత ఉత్తరానికి పోయి, తర్వాత పడమరకు తిరిగి, యూరప్, అట్లాంటిక్ మహాసముద్రం దాటి పోవాలి. ఆ దారి కొలుద్దాం. ఉత్తరానికి 24.74 డిగ్రీలు, అంటే 2,751 కి.మీ. తర్వాత 41.98 అక్షాంశం వెంబడి పడమరకు 166.33 × 111.2 × 0.7434 = సుమారు 13,750 కి.మీ. మొత్తం 16,500 కి.మీ.

కాని విమానం ఈ దారిన పోదు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ‘మహావృత్తం’ మీద ఉంటుంది. మహావృత్తం అంటే ఏమిటి? ఒక బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టండి. ఆ రెండు చుక్కల మీదుగా, సరిగ్గా పండు నడిమధ్య గుండా కత్తి పోయేట్టు కోయండి. తొక్క మీద కత్తి గీసిన గీతే మహావృత్తం. అందులో రెండు చుక్కల నడుమ ఉన్న చిన్న ముక్కే మనకు కావలసిన దారి.

దాని సూత్రం ఇది. మధ్య కోణం ‘క’ అనుకుంటే:

కొసైన్ క = (సైన్ అక్షాంశం1 × సైన్ అక్షాంశం2) + (కొసైన్ అక్షాంశం1 × కొసైన్ అక్షాంశం2 × కొసైన్ రేఖాంశాల తేడా)

ఇంటర్ ఎం.పి.సి. మిత్రులు దీన్ని బట్టీ పట్టనవసరం లేదు. భూకేంద్రం నుంచి ఒక్కో నగరానికి ఒక సదిశ గీసి, రెండింటి బిందు లబ్ధం చేస్తే ఇదే సూత్రం వస్తుంది. ఒకసారి మీరే చేసి చూడండి.

ఇప్పుడు విలువలు వేద్దాం.

సైన్ 17.24 = 0.2964, సైన్ 41.98 = 0.6689. లబ్ధం 0.1983.
కొసైన్ 17.24 = 0.9551, కొసైన్ 41.98 = 0.7434. లబ్ధం 0.7100.
కొసైన్ 166.33 = –0.9717. దీనితో 0.7100ను గుణిస్తే –0.6899.
రెండూ కూడితే 0.1983 – 0.6899 = –0.4916.

కొసైన్ రుణాత్మకంగా వచ్చింది కాబట్టి కోణం 90 డిగ్రీల కంటే ఎక్కువ. అది 119.45 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే సుమారు 13,280 కి.మీ.

పటం చూసి వేసిన దారి 16,500. మహావృత్తం దారి 13,280. తేడా 3,200 కి.మీ. పైన! కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఉన్న గాలి దూరం కంటే ఇది ఎక్కువ.

దారంతో పరీక్ష

లెక్క మీద నమ్మకం కుదరనివాళ్లు గ్లోబు తీసుకోండి. 30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు చుట్టుకొలత సుమారు 94 సెం.మీ. హైదరాబాద్ మీద ఒక కొస, షికాగో మీద ఒక కొస పెట్టి దారాన్ని బిగుతుగా లాగండి. దారం పొడవు సుమారు 31 సెం.మీ. వస్తుంది. ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కి.మీ. గుణించి చూసుకోండి, లెక్క సరిపోతుంది.

ఇంకో సంగతి గమనించండి. దారం పడమరకు పోదు, దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది. పంజాబ్, కాశ్మీరు, పామీర్ పర్వతాలు, కజకిస్తాన్, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా స్వాల్బార్డ్ దీవుల మీదుగా, దాదాపు 79 డిగ్రీల అక్షాంశం దాకా పోయి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా షికాగోకు దిగుతుంది. అమెరికా మనకు పడమర అనుకుంటాం గాని, విమానానికి అది ఉత్తరం!

2021 జనవరిలోనే కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపి బెంగళూరులో దింపారు. అది వార్తల్లో చదివినప్పుడు చాలామంది ధ్రువం దాకా ఎందుకు పోయారని ఆశ్చర్యపోయారు. దారం లాగి చూసినవాళ్లకు ఆ సందేహం రాదు.

మూడో మెట్టు: ఎన్ని గంటలు?

కాలం = దూరం ÷ వేగం. ఇది ఏడో తరగతి పాఠం. పెద్ద విమానాలు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 900 కి.మీ. వేగంతో పోతాయి. 13,280ని 900తో భాగిస్తే 14.76 గంటలు, అంటే 14 గంటల 45 నిమిషాలు.

కాని నిజంగా పట్టేది పదహారు గంటలు, ఆపైన. తేడా ఎక్కడిది?

ఒకటి, నేల మీద గడిచే సమయం. టికెట్ మీద వేసేది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అక్కడ గేటు దగ్గర ఆగేదాకా ఉన్న కాలం. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, నెమ్మదిగా ఎక్కడం, నెమ్మదిగా దిగడం, వీటికే అర గంటకు పైన పోతుంది.

రెండు, గాలి. ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు వంద, రెండు వందల కి.మీ. వేగం వీటికి మామూలు. మనం ఏటికి ఎదురీదినట్టే విమానం పడమరకు పోయేటప్పుడు ఆలస్యమవుతుంది, తూర్పుకు వచ్చేటప్పుడు త్వరగా చేరుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనుక నుంచి తోయడంతో ఒక ప్రయాణికుల విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది. మామూలుగా ఆరున్నర గంటల పైన పట్టే దారి అది.

మూడు, సరిహద్దులు. భూగోళం మీద దారం లాగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, విమానానికి కావాలి. 2019 ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసివేసింది. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు మళ్లీ మూసింది. అలాంటప్పుడు విమానాలు చుట్టు తిరిగి పోవాలి. దూరం పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఇంధనం బరువు పెరిగితే ప్రయాణికులనో సామానునో తగ్గించాలి, లేదా మధ్యలో దిగి నింపుకోవాలి. చివరికి ఆ భారం టికెట్ ధర మీద పడుతుంది.

విమానం ఎంత దూరం పోగలదు అన్నది కూడా తెలుసుకోండి. 777-200ఎల్ఆర్ ట్యాంకుల్లో సుమారు 1,80,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ఇదే రకం విమానం 2005 నవంబరులో పరీక్ష కోసం హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా లండన్‌కు 21,600 కి.మీ. దూరం, 22 గంటల 42 నిమిషాల్లో ఆగకుండా ఎగిరింది. రోజువారీ సర్వీసుల్లో సింగపూర్–న్యూయార్క్ దారి సుమారు 15,300 కి.మీ., 18 గంటల పైన పడుతుంది.

ఆగి పోతే దూరం పెరుగుతుందా?

హైదరాబాద్ నుంచి అమెరికాకు పోయేవాళ్లు సాధారణంగా దుబాయ్, దోహా, అబుదాబి, లండన్ వంటి చోట్ల విమానం మారుతారు. పై సూత్రంతోనే కొలిస్తే హైదరాబాద్–దుబాయ్ 22.9 డిగ్రీలు, అంటే సుమారు 2,550 కి.మీ. దుబాయ్–షికాగో సుమారు 11,640 కి.మీ. మొత్తం 14,190. నేరుగా పోయే దారి కంటే 900 కి.మీ. మాత్రమే ఎక్కువ. గాలిలో అది ఒక గంట ప్రయాణం. మరి మొత్తం ప్రయాణం ఇరవై, ఇరవై నాలుగు గంటలు ఎందుకవుతుంది? మధ్యలో విమానం కోసం కూర్చునే గంటల వల్ల. కాబట్టి టికెట్ కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలో చూడండి. మరీ తక్కువైతే రెండో విమానం తప్పిపోతుంది, మరీ ఎక్కువైతే తిండికి, మంచినీళ్లకు చేతి డబ్బు ఖర్చవుతుంది.

గడియారం చేసే మాయ

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టింది, గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. దుబాయ్ గ్రీనిచ్ కంటే 4 గంటలు ముందు, అంటే మనకంటే గంటన్నర వెనుక. షికాగో చలికాలంలో గ్రీనిచ్ కంటే 6 గంటలు వెనుక, అంటే మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడు తేడా పదిన్నర గంటలే.

టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. ఉదాహరణకు చలికాలంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం 1 గంటకు బయలుదేరి షికాగోలో అదే రోజు సాయంత్రం 6 గంటలకు దిగారనుకోండి. చూడటానికి 5 గంటలు. దానికి 11.30 కలిపితే అసలు ప్రయాణం 16 గంటల 30 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో శనివారం రాత్రి 9 గంటలకు బయలుదేరి, ఆదివారం గడిచి, సోమవారం మొదలైన అర్ధరాత్రి 12.30కు హైదరాబాద్‌లో దిగారనుకోండి. చూడటానికి ఇరవై ఏడున్నర గంటలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే 16 గంటలు. పడమరకు పోతే కలపాలి, తూర్పుకు వస్తే తీసెయ్యాలి. అంతే.

దుబాయ్ సంగతీ అంతే. ఉదయం 10కి బయలుదేరి 12.30కు దిగితే, రెండున్నర గంటలకు గంటన్నర కలిపి 4 గంటలు.

ఒక జాగ్రత్త

మాకు తెలిసిన ఒక పూర్వ విద్యార్థి గల్ఫ్‌లో ఉద్యోగానికి పోవలసి ఉండె. టికెట్ మీద 15వ తేదీ 00.40 అని ఉంది. ఆయన 15వ తేదీ పగలంతా బంధువులను కలిసి, ఆ రాత్రి భోజనం చేసి విమానాశ్రయానికి పోయాడు. కాని ఆ విమానం 14వ తేదీ రాత్రి పన్నెండు దాటాక నలభై నిమిషాలకే వెళ్లిపోయింది. ఆ టికెట్ డబ్బు మిత్తికి తెచ్చింది. ఎవరూ ఆయనను మోసం చేయలేదు, ఎవరూ ఆయనకు చెప్పలేదు, అంతే. రైల్వే టైం లాగే విమానంలోనూ రాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది. 15వ తేదీ 00.40 విమానానికి 14వ తేదీ రాత్రే ఇల్లు వదలాలి. ఈ ఒక్క వాక్యం మీ ఇళ్లల్లో, మీ ఊళ్లో గల్ఫ్‌కు పోయే ప్రతి ఒక్కరికీ చెప్పండి. విదేశీ విమానానికి మూడు గంటల ముందే విమానాశ్రయం చేరాలి. వరంగల్ నుంచి శంషాబాద్‌కు పట్టే సమయం కూడా దానికి కలుపుకోండి.

టికెట్ మీద దిగే సమయం పక్కన +1 అని ఉంటే మరుసటి రోజు దిగుతారని అర్థం. మధ్యలో విమానం మారేటప్పుడు రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయో లేదో అడగండి. వేరువేరు టికెట్లైతే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు.

దూరం మనకూ దాటదగినదే

విమానం ఎక్కడం డబ్బున్నవాళ్ల సంగతి, మనకెందుకు అనుకునే తమ్ముళ్లకు ఒక మాట. ఎస్సీ విద్యార్థుల విదేశీ చదువుల కోసం ‘అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి’ పథకం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో ఆ సహాయాన్ని 20 లక్షల రూపాయల దాకా పెంచారు. ఒక వైపు విమాన టికెట్ ఖర్చు కూడా అందులో పరిమితి మేరకు ఇస్తారు. గిరిజన, బి.సి., మైనారిటీ విద్యార్థులకూ ఇలాంటి పథకాలు ఉన్నాయి. డిగ్రీలో మంచి మార్కులు, ఇంగ్లీషు పరీక్షలో అర్హత, కుటుంబ ఆదాయ పరిమితి వంటి నిబంధనలు ఉంటాయి, అవి మారుతుంటాయి. కాబట్టి ఏ ఏటికి ఆ ఏటి నోటిఫికేషన్ స్వయంగా చదవాలి. డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే మార్కుల మీద, ఇంగ్లీషు మీద దృష్టి పెట్టినవాళ్లకే చివర్లో అది అందుతుంది. 13,280 కి.మీ. దూరంలో అన్నిటికంటే కష్టమైనది హాస్టల్ గది నుంచి దరఖాస్తు ఫారం దాకా ఉన్న దూరమని మా అభిప్రాయం.

సాధన ప్రశ్నలు

1. లండన్ విమానాశ్రయం 51.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 0.45 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. హైదరాబాద్ నుంచి దూరమెంత? గంటకు 900 కి.మీ. చొప్పున గాలిలో ఎంత సేపు?

2. 20 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు మీద హైదరాబాద్–షికాగో దారం పొడవెంత?

3. షికాగోలోని ఒక విశ్వవిద్యాలయం డిసెంబరులో ఉదయం 10 గంటలకు ఫోన్ ఇంటర్వ్యూ పెట్టింది. మన గడియారంలో ఎన్ని గంటలకు సిద్ధంగా ఉండాలి? అదే జులైలో అయితే?

4. వరంగల్ 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున గడియారంలో ఎన్ని గంటలకు?

జవాబులు: 1. సుమారు 7,750 కి.మీ., 8 గంటల 37 నిమిషాలు. 2. సుమారు 20.8 సెం.మీ. 3. డిసెంబరులో రాత్రి 9.30కు, జులైలో రాత్రి 8.30కు. 4. తేడా 2.9 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 12 నిమిషాలు. కాబట్టి మధ్యాహ్నం 12.12కు.

జవాబు చూడకముందు లెక్క చేయండి. చేసినవాళ్లు పక్క గది తమ్ముడికి నేర్పండి. అర్థం కాని చోట పి.జి. చదివే అన్నలను అడగడానికి మొహమాటపడకండి.